తెలుసు, తెలిసింది: స్పానిష్ భూతకాలాల మధ్య చిక్కుకున్న ఒక అభ్యాసకురాలి కేస్ స్టడీ

పెద్దవాళ్ళకు స్పానిష్ నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు, ఉద్యోగ అవసరం కోసం నేర్చుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ కేసును ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ అనుమతి ఉంది. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసేశాను.

స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో దానికి మాత్రమే దీర్ఘం ఇచ్చాను. ఉచ్చారణ లాటిన్ అమెరికాది, ఎందుకంటే ఆవిడ రోజూ మాట్లాడేది మెక్సికో వాళ్ళతో.

నేపథ్యం

ఆమెకు ముప్పై దాటాయి. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని. మెక్సికోలోని క్లయింట్ల సర్వర్లు ఎక్కడ ఆగినా ఆ బృందమే చూసుకోవాలి. ఆగిన ప్రతిసారీ ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరు ఏం చేశారు అని స్పానిష్‌లో నివేదిక పంపాలి. ఇంట్లో తెలుగు, చదువంతా ఇంగ్లిష్ మీడియం. నా దగ్గరికి రాకముందు ఏడాదిన్నర పాటు ఇంగ్లిష్‌లో రాసిన పాఠ్యపుస్తకంతో స్పానిష్ నేర్చుకుంది. పదసంపద బాగుంది, వర్తమానకాలంలో తడబాటు లేదు.

భూతకాలానికి వచ్చేసరికే ఇబ్బంది. స్పానిష్‌లో జరిగిపోయినదాన్ని చెప్పడానికి ముఖ్యంగా రెండు రూపాలున్నాయి. ఒకటి ప్రెతేరితొ, జరిగి ముగిసిన పనికి. రెండోది ఇంపెర్ఫేక్తొ, అప్పటికి సాగుతున్న పనికి, ఉన్న స్థితికి, అలవాటుకు. ‘అబ్లార్’ అంటే మాట్లాడటం. ‘అబ్లో’ అంటే ఆయన మాట్లాడాడు. ‘అబ్లాబ’ అంటే ఆయన మాట్లాడుతున్నాడు (అప్పుడు), లేదా మాట్లాడేవాడు. మూడో రూపం కూడా ఉంది, ఇంగ్లిష్‌లోని ‘హావ్’తో కట్టే రూపం లాంటిది. స్పెయిన్‌లో ఈ ఉదయం జరిగినదాన్ని కూడా దానితోనే చెబుతారు. మెక్సికోలో అలాంటి చోట్ల మామూలుగా ప్రెతేరితొయే వాడతారు కాబట్టి ఆ మూడోదాన్ని మొదటి మూడు నెలలు పక్కన పెడదామని నిర్ణయించాను. రెండింటి మధ్య నిలదొక్కుకోని మనిషికి మూడోది చూపిస్తే ఉన్న పట్టు కూడా జారుతుంది.

ఆమెను నా దగ్గరికి తెచ్చిన వాక్యం

ఒక శనివారం క్లయింట్ వ్యవస్థలో లోపం పుట్టింది. సోమవారం ఉదయం ఈమె బృందం దాన్ని కనిపెట్టి, అదే రోజు క్లయింటుకు చెప్పింది. తప్పేమీ లేదు. కానీ నివేదికలో ఈమె రాసిన వాక్యం ఇది: ‘సబీయమొస్ దెల్ ఎర్రోర్ ఎల్ లూనెస్.’ అవతలి నుంచి వెంటనే ప్రశ్న వచ్చింది: “అయితే మీకు ఎప్పటి నుంచి తెలుసు?”

ఆమె చెప్పదలచుకున్నది “లోపం గురించి మాకు సోమవారం తెలిసింది” అని. రాసింది మాత్రం “సోమవారానికి లోపం గురించి మాకు తెలుసు” అని. అంటే అంతకుముందే తెలిసి ఊరుకున్నారన్న అనుమానానికి తావిచ్చే వాక్యం. రాయాల్సింది ‘సుపీమొస్’. రెండూ ‘సబేర్’ అనే క్రియ రూపాలే. ‘సబీయ’ అంటే తెలుసు, ‘సూపొ’ అంటే తెలిసింది. ఆమె ఈ వాక్యం నాకు చూపిస్తూ, “పుస్తకంలో నియమం ప్రకారమే రాశాను సార్” అంది. నిజమే. మనసులోని స్థితిని చెప్పే క్రియలకు ఇంపెర్ఫేక్తొ వాడాలని ఆ పుస్తకంలో ఉంది. ఆ నియమానికి ముందు ఆమె తలలో ఉన్నది ఇంగ్లిష్ ‘న్యూ’ (తెలియడం అనే ‘నో’ క్రియకు భూతకాలం). ఆ ఒక్క మాటే తెలుసుకూ తెలిసిందికీ కూడా సరిపోతుంది. రెండింటికీ ఒకే గుమ్మం ఉన్న ఇంట్లోంచి బయలుదేరిన మనిషికి ఎటు తిరగాలో ఎలా తెలుస్తుంది?

ఈ సంగతి నాకు ఆ రోజే తట్టి ఉంటే ఈ కేసు నెల రోజుల్లో ముగిసేది. తట్టలేదు.

పాత నివేదికలు చదివి చూస్తే

ఆమె పంపిన పాత నివేదికలు ఐదు తెప్పించుకుని, భూతకాల క్రియలన్నిటి కిందా గీత గీశాను. తప్పులు మూడు రకాలుగా విడిపోయాయి. కథకు నేపథ్యంగా ఉండాల్సినవి (వర్షం పడుతోంది, కరెంటు లేదు) ప్రెతేరితొలోకి వెళ్ళాయి. తెలియడం, ఉండటం, చేయగలగడం, కోరుకోవడం లాంటి క్రియలు కళ్ళు మూసుకున్నట్టు ఇంపెర్ఫేక్తొలోకి వెళ్ళాయి. మూడో రకం విచిత్రంగా అనిపించింది. నివేదిక భూతకాలంలో చక్కగా నడుస్తూ, మధ్యలో ఉన్నట్టుండి ఒక క్రియ వర్తమానంలోకి దూకేది. “నేను లాగిన్ అయినప్పుడు సర్వర్ స్పందించదు” అన్నట్టుగా. దాన్ని నేను అజాగ్రత్త అనుకున్నాను. మార్జిన్‌లో ‘చూసుకోండి’ అని రాసి వదిలేశాను. ఈ కేసులో నా తీర్పు బాగా తప్పింది అక్కడే.

రెండో రకం తప్పుల మీద నాకు ఒక సందేహం వచ్చింది. ‘తెనేర్’ (కలిగి ఉండటం) క్రియ ప్రెతేరితొలో ‘తూబె’ అవుతుంది, ‘పొదేర్’ (చేయగలగడం) ‘పూదె’ అవుతుంది, ‘కెరేర్’ (కోరడం) ‘కీసె’ అవుతుంది. ధాతువే మారిపోతుంది. ఇంపెర్ఫేక్తొలో ఆ తలనొప్పి లేదు. ‘ఆర్’తో ముగిసే క్రియలకు ‘ఆబ’, మిగతావాటికి ‘ఈయ’, అంతే. భాష మొత్తంలో దానికి లొంగనివి మూడే క్రియలు: ఉండటం (ఏర), వెళ్ళడం (ఈబ), చూడటం (బెయీయ). మరి ఈమె ‘తెనీయ’ అని రాసింది అదే సరైనదనుకునా, ‘తూబె’ గుర్తురాకనా? ఈ రెండింటికీ మందు వేరు. అందుకని ఎంపికను పూర్తిగా తీసేసి రూపాలు మాత్రమే అడిగాను: “తెనేర్, ప్రెతేరితొ, మేము” అని. సగానికి పైగా రాయలేకపోయింది. అంటే కొన్ని చోట్ల ఆమె ఎంచుకోవడం లేదు, తెలియని దారి వదిలి తెలిసిన దారిలో వెళుతోంది.

మొదటి రెండు వారాలు రూపాలకే ఇచ్చాము. తూబ్, ఎస్తూబ్, పూద్, పూస్, సూప్, కీస్, బీన్, ఈస్, దీఖ్, త్రాఖ్. ఈ మారిన ధాతువులన్నిటికీ ప్రత్యయాలు దాదాపు ఒక్కటే, కాబట్టి వాటిని ఒకే కుటుంబంగా నేర్పడం తేలిక. వీటిలో ‘నేను’, ‘ఆయన’ రూపాలకు ఒత్తు ధాతువు మీదే పడుతుంది: తూబె, తూబొ. మామూలు క్రియల్లో చివర పడుతుంది: అబ్లే, అబ్లో. ఈ భాగం బాగానే నడిచింది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

విఫలమైన ప్రయత్నాలు

ఎంపిక దగ్గర నేను మొదట పట్టుకున్నది గుర్తు మాటల జాబితా. ‘అయేర్’ (నిన్న) కనబడితే ప్రెతేరితొ, ‘సియేంప్రె’ (ఎప్పుడూ) కనబడితే ఇంపెర్ఫేక్తొ. పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది ఇది. ఎందుకు ఎంచుకున్నానంటే నివేదికల్లో తేదీలూ గంటలూ నిండా ఉంటాయి, ఆనవాళ్ళకు కొదవ ఉండదని. సరిగ్గా దానివల్లే దెబ్బతిన్నాము. “నిన్న నాలుగింటికి సర్వర్ పనిచేస్తోంది” అని చెప్పాలంటే ‘అయేర్’ ఉన్నా ‘ఫున్సియొనాబ’ అనాలి. ఆమె ‘ఫున్సియొనో’ అని రాసింది. గడియారం గుర్తు ఎప్పుడు జరిగిందో చెబుతుందే తప్ప, ఆ క్షణంలో ఆ పని ముగిసిందా సాగుతోందా అన్నది చెప్పదు. మూడు వారాల తర్వాత ఆమె తప్పులు తగ్గలేదు, పైగా ధైర్యంగా తప్పు రాయడం మొదలైంది. జాబితాను ఆపేశాను.

తర్వాత బొమ్మ. ఒక గీత, దాని మీద చుక్కలు సంఘటనలు, వెనక పొడవాటి అలలు నేపథ్యం. దీనివల్ల కొంత లాభం కలిగింది. తీరిగ్గా రాసేటప్పుడు ఆమె బొమ్మ వేసుకుని సరిగ్గా ఎంచుకునేది. అర్ధరాత్రి ఫోనులో క్లయింటు అడుగుతున్నప్పుడు బొమ్మ వేసుకునే వ్యవధి ఉండదు. ‘తెలిసింది’ లాంటి వాటిని చుక్కగా వేయాలో అలగా వేయాలో కూడా ఆమెకు తెలిసేది కాదు, ఎందుకంటే ఆమె ఇంకా ‘న్యూ’ దగ్గర నుంచే మొదలుపెడుతోంది.

వాన పడిన రోజు

ఒక సాయంత్రం ఆమె పాఠానికి ఆలస్యంగా వచ్చింది. “ఏమైందమ్మా?” అన్నాను. అలసిపోయి ఉంది, తెలుగులోనే చెప్పింది. “ఆఫీసు నుంచి బయటికి వచ్చేసరికి వాన పడుతోంది సార్. వీధిలో కరెంటు లేదు. ఆటోలు ఒక్కటీ ఆగడం లేదు. నా దగ్గర గొడుగు కూడా లేదు. చివరికి ఒకాయన ఆపాడు, ఎక్కాను, ఇదిగో ఇప్పుడే దిగాను.”

ఇప్పుడిదే స్పానిష్‌లో చెప్పమన్నాను. ‘యొబియో’ అంది, ‘నొ ఊబొ లూస్’ అంది. వాన పడి వెలిసిపోయినట్టు, కరెంటు లేకపోవడం ఒక సంఘటనగా జరిగి ముగిసినట్టు. ఆటోల దగ్గరికి వచ్చేసరికి వర్తమానంలోకి జారింది.

అప్పుడు ఆమె తెలుగు మాటలను తెర మీద టైపు చేసి, క్రియల చివరలు మాత్రం ఎర్ర రంగులో పెట్టాను. పడుతోంది. లేదు. ఆగడం లేదు. లేదు. ఆపాడు. ఎక్కాను. దిగాను. ఆమె కాసేపు చూసి, “మొదటి నాలుగింటిలో భూతకాలం లేనే లేదు కదా సార్!” అంది.

లేదు మరి. తెలుగులో కథ చెప్పేటప్పుడు “నేను వెళ్ళేసరికి ఆయన అన్నం తింటున్నాడు” అంటాము. జరిగినది నిన్నయినా ‘తింటున్నాడు’ అన్నది వర్తమాన రూపమే. ‘వెళ్ళేసరికి’ అన్న మాటతో మనం ఆ సమయంలోకి వెళ్ళి నిలబడ్డాము, అక్కడ కళ్ళముందు ఉన్నదాన్ని వర్తమానంలోనే చెబుతున్నాము. తెలుసు, కావాలి, ఇష్టం, లేదు అన్నవి ఎటూ కాలాన్ని చూపించవు. ఆ సమయంలో కదిలి ముగిసిన పనులకే ‘ఆడు’, ‘ఇంది’ చేరతాయి. ఇది స్పానిష్ చేసే విభజనకు చాలా దగ్గర. మనం నేపథ్యాన్ని వర్తమానంలో ఉంచితే, స్పానిష్ దానికి ఒక ప్రత్యేక రూపం కేటాయించింది. ఆమె మూడో రకం తప్పులు, నేను అజాగ్రత్త అనుకున్న ఆ వర్తమాన క్రియలు, నిజానికి ఇంపెర్ఫేక్తొ ఉండాల్సిన చోట్లలోనే పడ్డాయని అప్పుడు తిరిగి చూస్తే తెలిసింది. ఐదు నివేదికల్లోనూ. ఆమె తెలుగు ఆమెకు సరైన చోటే చూపిస్తోంది. నేను దాన్ని ఎర్ర సిరాతో కొట్టేస్తూ వచ్చాను.

వ్యాకరణ చరిత్రలో దీనికి ఒక చక్కని సాక్ష్యం ఉంది. వెనిజులాలో పుట్టి చిలీలో స్థిరపడిన అంద్రేస్ బేయొ 1847లో అచ్చువేసిన స్పానిష్ వ్యాకరణంలో ఇంపెర్ఫేక్తొకు ‘కొప్రెతేరితొ’ అని పేరు పెట్టాడు. జరిగిన ఒక పనితో పాటు, అదే వేళ ఉన్నది అని భావం. సహభూతం అనుకోవచ్చు. మెక్సికో బడుల్లో ఇప్పటికీ ఈ పేరు వినిపిస్తుంది. ‘అసంపూర్ణం’ అని చెప్పే ఇంపెర్ఫేక్తొ కన్నా తెలుగువాళ్ళకు ఈ పేరే త్వరగా అర్థమవుతుందని నా అనుభవం. ఆ రోజు నుంచి నా పాఠాల్లో ఆ పేరే వాడుతున్నాను.

పనిచేసిన పద్ధతి

ఆ తర్వాత మేము చేసినది ఇది. ప్రతి నివేదికకు ముందు జరిగినదాన్ని రెండు నిమిషాలు తెలుగులో, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు, ఆమె ఫోనులో రికార్డు చేసుకోవాలి. పుస్తకాల తెలుగు కాకుండా మాటల్లో వచ్చే తెలుగు. విని, క్రియల చివరలు రాసుకోవాలి. ‘తోంది, తున్నాడు, డం లేదు, తెలుసు, కావాలి’ వచ్చిన చోట, ‘కరెంటు లేదు’ లాంటి చోట కొప్రెతేరితొ. ‘ఏదాన్ని, ఏవాడు, ఏది’ వచ్చిన చోటా అదే: “రోజూ వెళ్ళేదాన్ని” అంటే ‘ఈబ’. ‘ఆడు, ఆను, ఇంది’ వస్తే ప్రెతేరితొ. ఇంగ్లిష్‌ను పూర్తిగా పక్కన పెట్టమన్నాను. అప్పటిదాకా ఆమె తెలుగులో జరిగినదాన్ని ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి మోసేది. మధ్య మజిలీలో ‘తెలుసు’, ‘తెలిసింది’ కలిసిపోయేవి.

ఆమెను అంతకుముందు బాగా ఏడిపించిన క్రియలే ఇప్పుడు ముందుగా చక్కబడ్డాయి. ఆ జతలను ఆమె స్వయంగా కనిపెట్టడం నాకు గొప్ప సంతోషం. ‘తెనీయ కె’ అంటే చేయాల్సి ఉంది, ‘తూబె కె’ అంటే చేయాల్సి వచ్చింది. మొదటిదానిలో చేశారో లేదో తెలియదు, రెండోదానిలో చేసేశారు. సర్వర్ ఆపాల్సి ఉందా, ఆపాల్సి వచ్చిందా అన్న తేడా ఆమె నివేదికలకు ప్రాణం లాంటిది. ‘కొనొసీయ’ అంటే ఆయన నాకు తెలుసు, ‘కొనొసీ’ అంటే ఆయన పరిచయమయ్యాడు. ‘నొ పూదొ’ అంటే చేయలేకపోయాడు. ‘నొ కెరీయ బెనీర్’ అంటే రావడం ఇష్టం లేదు, వచ్చాడేమో కూడా. ‘నొ కీసొ బెనీర్’ అంటే రానన్నాడు. ఇంగ్లిష్ ‘డిడ్ నాట్ వాంట్’ దగ్గర నిలబడితే ఈ తేడా కంటికి ఆనదు. తెలుగులో ఆరేళ్ళ పిల్లవాడు కూడా ఇష్టం లేదుకూ రానన్నాడుకూ మధ్య పొరబడడు.

నెల తిరగకముందే నివేదికల్లో ఎంపిక తప్పులు బాగా తగ్గాయి. అప్పుడు కొత్త తప్పులు పుట్టాయి.

పద్ధతి ఎక్కడ చెల్లలేదు

క్లయింటుతో జరిగిన సమావేశం గురించి రాస్తూ ఆమె “సమావేశం బాగుంది” అనడానికి ‘ఎస్తార్’ (ఇది కూడా ఉండటమే) క్రియ కొప్రెతేరితొ రూపం ‘ఎస్తాబ’ వాడింది. మా పద్ధతి ప్రకారం సరైనదే, ‘బాగుంది’లో భూతకాలం లేదు. స్పానిష్‌లో మాత్రం అక్కడ ‘ఎస్తూబొ’ అనాలి. తెలుగులో సినిమా చూసి బయటికి వచ్చాక కూడా “సినిమా బాగుంది” అంటాము. ముగిసిన మొత్తాన్ని బయట నిలబడి తూచుతున్నాము, అయినా రూపం మారదు. స్పానిష్ మారుస్తుంది. దీనికి నేను ఇచ్చిన పరీక్ష: ఆ వాక్యాన్ని ‘జరిగింది’, ‘సాగింది’ అని మార్చి చూడండి. “సమావేశం బాగా జరిగింది” అని మార్చినా మీ ఉద్దేశం చెడకపోతే ప్రెతేరితొ. “నేను లోపలికి వెళ్ళేసరికి గది చల్లగా ఉంది” అన్నదాన్ని అలా మార్చలేము, కాబట్టి అక్కడ ‘ఎస్తాబ’యే.

రెండోది ‘ఉన్నాను’. ఇది మరీ చిక్కు. “నిన్న ఆఫీసులో ఉన్నాను” అన్నదానికి రెండు రూపాలూ సాధ్యమే. “రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను” అంటే ‘ఎస్తూబె’ తప్పనిసరి, ఎందుకంటే రెండు రోజులనే హద్దు పడింది. తెలుగు క్రియ ఆ హద్దును చూపించదు. ఇక్కడ ‘గడిపాను’ అని మార్చి చూడమన్నాను. మారితే ‘ఎస్తూబె’. “ఫోను వచ్చినప్పుడు ఆఫీసులో ఉన్నాను” అన్నప్పుడు గడిపాను అనలేము, అక్కడ ‘ఎస్తాబ’. ఈ పరీక్ష చాలా చోట్ల నిలుస్తుంది, అన్ని చోట్లా నిలవదు. ఆమెకు ఆ మాట దాచకుండా చెప్పాను. ఇంతకుముందు జాబితాను నియమంలా ఇచ్చి ఆమెను ఒకసారి మోసపుచ్చినవాణ్ణి, రెండోసారి ఆ పని చేయదలచుకోలేదు.

ఇక మాట్లాడటం. రాతలో తెలుగు రికార్డింగు పనిచేసింది, ఫోనులో దానికి వ్యవధి లేదు. అందుకని ఈ పద్ధతి మొదలుపెట్టిన ఆరో వారం నుంచి రికార్డింగు మానిపించి, నేను తెలుగులో ఒక్కో చిన్న వాక్యం అంటే ఆమె వెంటనే స్పానిష్ క్రియ మాత్రం చెప్పేలా పది నిమిషాల అభ్యాసం పెట్టాను. “తెలిసింది.” “సూపె.” “తెలుసు.” “సబీయ.” “ఆపాల్సి వచ్చింది.” “తూబె కె.” ఇంగ్లిష్‌కు చోటివ్వనంత వేగంగా. ఇంకో నెలకు తెలుగు వాక్యం కూడా మానేసి బొమ్మలు చూపించాను. తెలుగును ఊతకర్రగా ఇచ్చినప్పుడే దాన్ని ఎప్పుడు తీసేయాలో కూడా ఆలోచించుకోవాలి. ఇదే కర్రతో ఏళ్ళ తరబడి నడిచేవాళ్ళను చూశాను.

ఇప్పటి పరిస్థితి, నేను మార్చుకున్నవి

ఇప్పుడు నేను కొత్త విద్యార్థి తప్పులను గుర్తించేటప్పుడు కథ మధ్యలో దూకిన వర్తమానాలను విడిగా లెక్కిస్తాను. అవి నేపథ్యంలోనే పడుతుంటే ఆ మనిషికి తేడా తెలుసని, దాన్ని పెట్టుకోవడానికి స్పానిష్ రూపం మాత్రమే కావాలని అర్థం. అలాంటివాళ్ళకు నియమాలు చెప్పడం ఆపేసి, ముందు వాళ్ళ చేతే తెలుగులో ఒక సంగతి చెప్పిస్తాను. ఇంట్లో తెలుగు మాట్లాడినా ఇంగ్లిష్‌లోనే ఆలోచించే అలవాటున్న పిల్లలకు ఇది అంత తేలిగ్గా పనిచేయడం లేదు. వాళ్ళ కోసం వేరే దారి వెతుకుతున్నాను.

ఆ క్లయింటుకు ఆమె తర్వాత పంపిన ఒక నివేదికలో ‘సుపీమొస్ ఎల్ ఖువేబెస్’ అని ఉంది. గురువారం మాకు తెలిసింది. ఈసారి తిరుగు ప్రశ్న రాలేదు.

ఫోనులో మాత్రం ఒక చిక్కు మిగిలింది. ‘రెయ్‌నీసియొ’ అంటే నేను రీస్టార్ట్ చేస్తున్నాను. ‘రెయ్‌నిసియో’ అంటే ఆయన రీస్టార్ట్ చేశాడు. తేడా అంతా ఒత్తులోనే. తెలుగులో ఒత్తి పలకడం వల్ల మాట అర్థం మారదు, కాబట్టి ఆమె చెవికి అది ఇంకా అందడం లేదు. దీర్ఘం మారితే మాత్రం మనకు అర్థం మారుతుంది, అందుకే ఆ అక్షరాన్ని సాగదీసి పలకమంటున్నాను. పోయిన వారం క్లయింటు అటు నుంచి, “ఎవరు రీస్టార్ట్ చేశారు, మీరా ఆయనా?” అని అడిగాడట. ఆమె ఆగి, ‘రెయ్‌నిసియో’ చివరి ‘యో’ను సాగదీసి మళ్ళీ చెప్పిందట.